మీకు తెలుసా? బిజినెస్ ల్యాప్‌టాప్‌కి ఎక్కువ డబ్బు ఎందుకు?

ఒకే కంపెనీ. ఒకే ప్రాసెసర్, అదే 16 జీబీ ర్యామ్, అదే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. అయినా ఒకదాని కంటే రెండోదానికి పాతిక, ముప్పై వేలు ఎక్కువ. ఖరీదైనదేమో నల్లగా, సాదాగా ఉంటుంది. చౌకది సన్నగా, వెండిరంగులో మెరిసిపోతుంది. మరి ఆ ఎక్కువ డబ్బు దేనికి?

వేగానికి మాత్రం కాదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే చాలామందికి డబ్బు మిగులుతుంది. లెనోవోలో థింక్‌ప్యాడ్, ఐడియాప్యాడ్. హెచ్‌పీలో ఎలైట్‌బుక్, పెవిలియన్. డెల్‌లో లాటిట్యూడ్, ఇన్‌స్పిరాన్. ఏసూస్‌లో ఎక్స్‌పర్ట్‌బుక్, వివోబుక్. ఏసర్‌లో ట్రావెల్‌మేట్, ఆస్పైర్. ఈ జంటల్లో మొదటిది ఆఫీసుల కోసం తయారైంది, రెండోది ఇళ్ల కోసం. లోపల ఒకే చిప్పు ఉంటే ఎక్సెల్ రెండింటిలోనూ దాదాపు ఒకే వేగంతో తెరుచుకుంటుంది. ఇంకా చెప్పాలంటే, అదే ధరకు ఇంటి ల్యాప్‌టాప్‌లో ఒక మెట్టు పైనున్న చిప్పే దొరుకుతుంది. బిజినెస్ మోడల్‌కి అదనంగా పెట్టే డబ్బు మూడో ఏడాది కోసం, ఐదో ఏడాది కోసం. విప్పడం సులువేనా, విడిభాగం దొరుకుతుందా, పాడైతే రిపేరు చేసే మనిషి మన దగ్గరికి వస్తాడా, ఎక్కడైనా పోగొట్టుకుంటే లోపలి ఫైళ్లు ఎవరి చేతిలో పడతాయి... ఇవేవీ కొన్న రోజున కనిపించవు.

పేర్ల విషయంలో ఒక హెచ్చరిక. డెల్ 2025 జనవరిలో పేర్లు మార్చింది. ఇంటివాటికి ఉత్త డెల్, ఆఫీసువాటికి డెల్ ప్రో, భారీ పనులకు డెల్ ప్రో మ్యాక్స్. డెల్ ప్రో అని కనిపిస్తే పాత లాటిట్యూడ్ స్థానంలో వచ్చిందని గుర్తుపెట్టుకోండి.

* * *

థింక్‌ప్యాడ్ నల్లపెట్టె రూపానికి ప్రేరణ జపాన్ వాళ్ల మధ్యాహ్న భోజనపు డబ్బా. మిలాన్‌లో స్థిరపడ్డ జర్మన్ డిజైనర్ రిచర్డ్ సాపర్ ఐబీఎం కోసం దీన్ని గీశాడు. మూత వేసి ఉంటే ఏ అలంకారమూ లేని పెట్టె, తెరిస్తే లోపల ఏది ఎక్కడ ఉండాలో అక్కడ. మొదటి పెద్ద విజయం 1992 అక్టోబరులో వచ్చిన 700సీ మోడల్. కీబోర్డు నడుమ జీ, హెచ్, బీ మీటల మధ్య కనిపించే ఎర్రచుక్క టెడ్ సెల్కర్ అనే పరిశోధకుడి ఆలోచన. టైపు చేసే చేతులు కదలకుండానే బాణం గుర్తును జరపడం దాని పని. మరుసటి ఏడాది, 1993 డిసెంబరులో, హబుల్ టెలిస్కోపును బాగుచేయడానికి వెళ్లిన ఎండీవర్ షటిల్‌లో థింక్‌ప్యాడ్ 750సీ కూడా అంతరిక్షానికి వెళ్లింది. 2005లో ఐబీఎం పీసీల వ్యాపారం మొత్తం లెనోవో చేతికి వచ్చింది.

ఈ కథలో నాకు ముఖ్యంగా తోచేది, కొనేది ఎవరు అన్న ప్రశ్న. ఇంటి ల్యాప్‌టాప్‌ను ఒక కుటుంబం షోరూమ్‌లో పది నిమిషాలు చూసి కొంటుంది. ఆ పది నిమిషాల్లో కళ్లను ఆకట్టుకోవాలి కాబట్టి డబ్బంతా పైమెరుపుకీ, డబ్బా మీద రాసే అంకెలకీ పోతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లను ఐటీ విభాగం ఒకేసారి వందలు, వేలు కొంటుంది. మూడేళ్లలో ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఒక్కో రిపేరుకు ఎంతసేపు పట్టింది అని లెక్కలు రాసుకుని, వచ్చేసారి ఎవరి దగ్గర కొనాలో తేల్చుకుంటుంది. రెండు రకాల యంత్రాలూ ఇంత వేరుగా తయారవడానికి కారణం ఆ రెండు రకాల కొనుగోలే.

* * *

ఒకే మోడల్ పేరున్న రెండు ఇంటి ల్యాప్‌టాప్‌లు విప్పి చూస్తే లోపల వైఫై కార్డు, తెర, ఎస్‌ఎస్‌డీ వేరువేరు కంపెనీలవి ఉండొచ్చు. తయారీ రోజున ఏది చౌకగా దొరికితే అది బిగిస్తారు. ఆఫీసులకు ఇది కుదరదు. వెయ్యి యంత్రాల్లో ఒకే సాఫ్ట్‌వేర్ ప్రతిని ఎక్కించాలంటే లోపలి సామాను ఒకేలా ఉండాలి. అందుకే ఇంటెల్‌కి ఒక ప్రత్యేక పథకం ఉంది. అందులో చేరిన చిప్పుల విషయంలో ముఖ్యమైన భాగాలనూ వాటి డ్రైవర్లనూ కనీసం 15 నెలలు, లేదా తరువాతి తరం వచ్చేదాకా, మార్చకుండా చూస్తుంది.

ఒక్క ల్యాప్‌టాప్ కొనుక్కునే మనకు దీనితో ఏం పని అనిపిస్తుంది. సూటిగా లేదు, కానీ చుట్టుతిరిగి మేలు జరుగుతుంది. ఒకే రకం యంత్రాలు వేలకొద్దీ ఆఫీసులకు వెళ్లడం వల్ల వాటి కీబోర్డులు, తెరలు, ఛార్జర్లు, హింజ్‌లు కూడా వేలకొద్దీ బజారులోకి వస్తాయి. ఒకప్పుడు అంబాసిడర్ కారును ఏ ఊళ్లో మెకానిక్కయినా విప్పి బిగించగలిగినట్టే, పేరున్న బిజినెస్ మోడళ్లను ఏ పట్నంలో రిపేరు షాపువారైనా గుర్తుపడతారు.

* * *

కంపెనీ ఇంజనీరు చదివే రిపేరు పుస్తకాన్ని మీరూ ఉచితంగా చదవొచ్చు. లెనోవో తన థింక్‌ప్యాడ్‌లకు హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అనే పుస్తకాన్ని వెబ్‌సైట్లోనే ఉంచుతుంది. ఏ స్క్రూ ముందు విప్పాలి, ఏ కేబుల్ ఎటు లాగాలి, ఏ భాగానికి ఏ నంబరు అన్నీ బొమ్మలతో ఉంటాయి. హెచ్‌పీ, డెల్ కూడా ఇలాంటివి ఇస్తాయి, ఇంటి మోడళ్లకు కూడా చాలావాటికి దొరుకుతాయి.

నా సలహా అడిగితే ల్యాప్‌టాప్ కొనే ముందు సమీక్షలు తక్కువ చదవండి, ఈ పుస్తకం ఒక్కసారి తిరగేయండి. మోడల్ పేరు పక్కన సర్వీస్ మాన్యువల్ అని చేర్చి వెతికితే వస్తుంది. అందులో మూడు పేజీలు చాలు. మొదటిది ర్యామ్ పేజీ. ర్యామ్‌ను స్లాట్‌లో గుచ్చారా, బోర్డు మీద టంకం వేశారా అన్నది అక్కడ తేలిపోతుంది. టంకం వేసి ఉంటే 8 జీబీతో కొన్నది జీవితాంతం 8 జీబీయే. రెండోది బ్యాటరీ పేజీ. స్క్రూలతో బిగించారా, జిగురుతో అంటించారా చూడండి. మూడోది కీబోర్డు పేజీ. చాలా ఇంటి మోడళ్లలో కీబోర్డును పైచట్రానికి కరిగించిన ప్లాస్టిక్ బొడిపెలతో అతికించేస్తారు. దాని మీద టీ ఒలికితే కీబోర్డు ఒక్కటి మార్చడం కుదరక మొత్తం చట్రమే కొనాల్సి వస్తుంది. చాలా థింక్‌ప్యాడ్ మోడళ్లలో ఒలికిన నీళ్లు బోర్డు మీద పడకుండా కిందికి జారిపోయేలా దారులూ కన్నాలూ ఉంటాయి. వెనక మూత స్క్రూలు కూడా పూర్తిగా ఊడి రావు, మూతలోనే వేలాడుతుంటాయి. మంచం కిందికి దొర్లిపోయిన స్క్రూ కోసం వెతుక్కున్న వాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

అయితే బిజినెస్ అన్న ముద్ర చూసి కళ్లు మూసుకుని నమ్మకండి. పరికరాలను విప్పి మార్కులేసే ఐఫిక్సిట్ సంస్థ 2024లో థింక్‌ప్యాడ్ టీ14 ఐదో తరానికి పదికి తొమ్మిది ఇచ్చింది. అందులో ర్యామ్‌కి రెండు స్లాట్లున్నాయి, బ్యాటరీ సులువుగా వస్తుంది. అదే కంపెనీ అదే వరుసలో ఇంకా ఎక్కువ ధరకు అమ్మే ఎక్స్1 కార్బన్‌లో ర్యామ్ బోర్డుకే టంకం వేసి ఉంటుంది. సన్నదనం కోసం పెద్దమనుషులు చెల్లించే మూల్యం అది.

మన దేశంలోనూ 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. రిపేరు పుస్తకాలు, విడిభాగాల వివరాలు, సర్వీస్ సెంటర్ల చిరునామాలు తయారీదారులు అక్కడ ఉంచాలన్నది ఉద్దేశం. ఇంకా ఎన్నో కంపెనీలు, ఎంతో సమాచారం అందులోకి రావాలి. కొనేవాళ్లు అడిగే కొద్దీ వస్తాయి.

* * *

మిలిటరీ గ్రేడ్ అన్న స్టిక్కర్‌కి ఏ మిలిటరీ సంతకమూ ఉండదు. మిల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా రక్షణ శాఖ రాసుకున్న పరీక్షా పద్ధతుల పుస్తకం. దుమ్ము, తేమ, వేడి, చలి, కంపనం, కిందపడటం ఇలా ఎన్నో పరీక్షలు ఎలా జరపాలో అందులో ఉంటుంది. ఇప్పుడు వాడుతున్న హెచ్ సంచిక 2019లో వచ్చింది. అది పాసైందని ముద్ర వేసే ప్రభుత్వ సంస్థ ఏదీ లేదు. ఏ పరీక్షలు చేయాలో, ఎంత ఎత్తు నుంచి వదలాలో ల్యాప్‌టాప్ కంపెనీయే ఎంచుకుని, తానే చేసుకునో ఎవరి చేతనైనా చేయించుకునో ప్రకటించుకుంటుంది. కాబట్టి స్టిక్కర్ ఒక్కటే చూడకుండా ఎన్ని పరీక్షలు, ఏవేవి అని అడగాలి. అంతకన్నా ముఖ్యం: స్టిక్కర్ ఉన్నా సరే, ల్యాప్‌టాప్ చేజారి పగిలితే మామూలు వారంటీ వర్తించదు. దానికి ప్రమాద నష్టం ప్లాన్ విడిగా కొనాలి.

* * *

2014 చివర్లో లెనోవో తన ఇంటి ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్‌ను ముందే ఎక్కించి అమ్మింది. మనం చూసే వెబ్ పేజీల్లోకి ప్రకటనలు చొప్పించడం దాని పని. భద్రమైన బ్యాంకు పేజీల్లోకి కూడా దూరడానికి అది కంప్యూటర్‌లో తన సొంత ధ్రువపత్రాన్ని పెట్టేసింది. దాని రహస్య తాళంచెవి అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఒకటే. ఒక్కచోట ఆ తాళంచెవి దొరికిందంటే, కాఫీ షాపు వైఫైలో పక్కన కూర్చున్న మోసగాడు మీ బ్యాంకు వేషం వేయగలడు. 2015 ఫిబ్రవరిలో ఇది బయటపడి ప్రపంచమంతా గగ్గోలయింది. 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తోనూ, 32 రాష్ట్రాలతోనూ లెనోవో రాజీ కుదుర్చుకుంది.

థింక్‌ప్యాడ్‌లలో మాత్రం సూపర్‌ఫిష్ లేదు. కంపెనీలకు అమ్మే యంత్రంలో అలాంటిది పెడితే ఐటీ విభాగం మొదటి రోజే పట్టుకుంటుంది. ఇంటి ల్యాప్‌టాప్‌లో నెలరోజుల యాంటీవైరస్, ఆటలు, కూపన్ల యాప్‌లు నిండి ఉండటానికి కారణం వాటి వెనకున్న కంపెనీలు ఇచ్చే సొమ్ము. ధర తగ్గడానికి అది కూడా తోడ్పడుతుంది.

దీనికి మందు ఉంది, ఖర్చు లేదు. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుంచి విండోస్‌ను పెన్‌డ్రైవ్‌లోకి దింపుకుని శుభ్రంగా మళ్లీ ఎక్కించుకోండి. విండోస్‌తో పాటు కొన్న ల్యాప్‌టాప్‌లో లైసెన్సు తాళం బోర్డులోనే ఉంటుంది, కొత్తగా కొననక్కర్లేదు.

* * *

మూడేళ్ల వారంటీ అని బోర్డు పెట్టినా బ్యాటరీకి సాధారణంగా ఏడాదే. అది చాలదనే డెల్, హెచ్‌పీ కొన్ని బిజినెస్ మోడళ్లలో వెయ్యి ఛార్జింగ్‌లు తట్టుకునే దీర్ఘకాలపు బ్యాటరీలను మూడేళ్ల వారంటీతో ఇస్తాయి. ల్యాప్‌టాప్ రోజంతా ప్లగ్‌లోనే ఉండే వాళ్లు ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకోవాలి. ఇది ఇప్పుడు ఇంటి మోడళ్లలో కూడా చాలావాటికి ఉంది, తెలియక వాడటం లేదంతే.

* * *

వారంటీలో రెండు జాతులున్నాయి. ల్యాప్‌టాప్‌ను మనం సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లేది ఒకటి. మనిషే విడిభాగం పట్టుకుని మన ఇంటికో ఆఫీసుకో వచ్చేది ఇంకొకటి, దీన్ని ఆన్‌సైట్ అంటారు. బిజినెస్ మోడళ్లకు తరచు ఈ రెండోది ఉంటుంది, లేదా తక్కువ ధరకే మూడేళ్లకో ఐదేళ్లకో పొడిగించుకోవచ్చు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవాళ్లకు ఈ తేడా పెద్దగా తెలియదు. ఉట్నూరులో, మడకశిరలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. సర్వీస్ సెంటర్ జిల్లా కేంద్రంలోనో ఇంకా దూరంలోనో ఉంటే, ఇచ్చి రావడానికి ఒక రోజు, తెచ్చుకోవడానికి ఇంకో రోజు. నడుమ ఎన్ని వారాలో చెప్పలేం.

కాబట్టి కొనే ముందే మీ పిన్‌కోడ్ చెప్పి ఆన్‌సైట్ వర్తిస్తుందా అని కస్టమర్ కేర్‌ను అడగండి, జవాబును ఈమెయిల్‌లో రాయించుకోండి. మరుసటి పనిదినం అని రాసి ఉన్నంత మాత్రాన రేపే వస్తారని కాదు. ఫోన్‌లో లోపం నిర్ధారణ అయ్యాక, విడిభాగం సిద్ధంగా ఉంటే, ఆ తరువాత లెక్క మొదలవుతుంది.

ఎంఎస్ చదువుకు అమెరికా విమానం ఎక్కే మన పిల్లలు ఇంకో సంగతి చూసుకోవాలి. ఇంటి మోడళ్లలో చాలావాటి వారంటీ కొన్న దేశానికే పరిమితం. బిజినెస్ మోడళ్లలో చాలావాటికి, థింక్‌ప్యాడ్‌లలో అధికభాగానికి, అంతర్జాతీయ వారంటీ ఉంటుంది. ఇక్కడ కొన్నది డల్లాస్‌లో పాడైనా అక్కడే బాగుచేస్తారు. సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూస్తే ఏ రకం వారంటీయో, ఎప్పటిదాకానో తెలిసిపోతుంది. బిల్లు స్కాన్ చేసి మెయిల్‌లో దాచుకోవాలి. ప్రయాణం హడావుడిలో మరిచిపోయే కాగితం ఇదే.

* * *

కొత్త ల్యాప్‌టాప్‌లో తెలుగు మెనూలు పెట్టుకుందామంటే కుదరడం లేదా? మన దేశంలో అమ్మే ఇంటి ల్యాప్‌టాప్‌లలో ఎన్నింటిలోనో విండోస్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అనే రకం ఉంటుంది. ఇందులో తెలుగులో టైపు చేసుకోవచ్చు, చదువుకోవచ్చు. కానీ మెనూలకు ఒక్క భాషే, అది వచ్చిన భాషే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే మీది ఏ రకమో రాసి ఉంటుంది. బిజినెస్ ల్యాప్‌టాప్‌లతో ఎక్కువగా వచ్చే విండోస్ ప్రోలో ఈ కట్టడి లేదు. తెలుగు భాషా ప్యాక్ దింపుకుని చాలా మెనూలను తెలుగులోకి మార్చుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల కోసమో, ఊళ్లో చిన్న సంఘం ఆఫీసు కోసమో కొనేవాళ్లు ఈ తేడాను ముందే చూసుకోవడం మంచిది.

హోమ్, ప్రోల మధ్య ఇంకో పెద్ద తేడా డిస్కుకు తాళం. ప్రోలో బిట్‌లాకర్ పూర్తిగా మన చేతిలో ఉంటుంది. హోమ్‌లోనూ డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే దాని చిన్న రూపం ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే చాలా ల్యాప్‌టాప్‌లలో అది తనంతట తానే మొదలవుతుంది. ఎప్పుడో బోర్డు మార్చినప్పుడో, బయోస్ అప్‌డేట్ చేసినప్పుడో నీలంతెర మీద 48 అంకెల రికవరీ తాళం అడుగుతుంది. దాన్ని మీ మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో చూడొచ్చు. ఈరోజే చూసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఖాతా పాస్‌వర్డ్ కూడా మరిచిపోయి ఉంటే పిల్లల చిన్ననాటి ఫొటోలు ఇక శాశ్వతంగా అందవు.

* * *

తెర విషయంలో మాత్రం ఇంటి ల్యాప్‌టాప్‌దే పైచేయి. లక్షకు దగ్గరగా అమ్మే బిజినెస్ మోడళ్లలో కూడా మూలరకం తెర 45 శాతం ఎన్‌టీఎస్‌సీ రంగులతో వస్తుండటం మామూలే. మన ఫొటోలూ వీడియోలూ తయారయ్యే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండొంతులు కూడా అది చూపించలేదు. ఎర్రటి పట్టుచీర ఇటుకరంగులోకి దిగిపోతుంది. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే స్టూడియోవారు, షార్ట్ ఫిల్మ్‌లు ఎడిట్ చేసే కుర్రాళ్లు, బట్టల వ్యాపారం ఆన్‌లైన్‌లో నడిపే మహిళలు అలాంటి తెరను నమ్ముకోకూడదు. అదే డబ్బుకు ఓలెడ్ తెరో, నూరు శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న ఐపీఎస్ తెరో ఇంటి మోడళ్లలో దొరుకుతుంది. బిజినెస్ మోడలే కావాలంటే తెర రకాన్ని ఎంచుకుని ఆర్డరివ్వండి. ఒకే మోడల్ పేరు కింద మూడు నాలుగు రకాల తెరలుంటాయి.

* * *

వీప్రో అన్న స్టిక్కర్ ఉన్న ఇంటెల్ ల్యాప్‌టాప్‌ను, విండోస్ చచ్చిపోయి ఉన్నా సరే, ఐటీ విభాగం ఎక్కడో కూర్చుని చక్కదిద్దగలదు. ఐటీ విభాగం లేని ఇంటికి దానితో ఉపయోగం లేదు. దానికోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

* * *

ఆపిల్‌లో ఈ విభజనే లేదు. విద్యార్థికీ, బ్యాంకుకీ అమ్మేది ఒకే మ్యాక్‌బుక్.

* * *

బిజినెస్ ల్యాప్‌టాప్ కొంటేనే జీఎస్టీ వెనక్కి వస్తుందనుకునే చిన్న వ్యాపారులున్నారు. యంత్రం మీది పేరుకూ పన్నుకూ సంబంధం లేదు. మామూలు పద్ధతిలో జీఎస్టీ కట్టే వ్యాపారి, తన జీఎస్టీ నంబరుతో బిల్లు తీసుకుని వ్యాపారానికి వాడితే, ఇంటి మోడల్ మీద కట్టిన 18 శాతానికి కూడా ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవచ్చు. కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ వీలు లేదు. ఆడిటర్లు, కాంట్రాక్టర్లు చూసుకోవాల్సింది వేరే ఉంది. టెండర్లకూ రిటర్నులకూ వాడే డిజిటల్ సంతకం టోకెన్ ఎక్కువగా పాత వెడల్పాటి యూఎస్‌బీ రంధ్రంలో పట్టేదే. సన్నటి ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి ఆ రంధ్రమే ఉండదు.

* * *

ఇక చదువుకునే పిల్లల సంగతి. ముప్పై వేల లోపు బడ్జెట్ ఉన్న తల్లిదండ్రులకు నేను గట్టిగా చెప్పే మాట: ఆ ధరకు వచ్చే కొత్త చౌక ల్యాప్‌టాప్ కంటే, ఆఫీసులో మూడు నాలుగేళ్లు వాడి వదిలిన బిజినెస్ ల్యాప్‌టాప్ మేలు. కంపెనీలు చాలావరకు మూడేళ్లో నాలుగేళ్లో లీజుకు తీసుకుని, గడువు కాగానే గంపగుత్తగా తిరిగి ఇచ్చేస్తాయి. అవి శుభ్రమై సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కీ, బెంగళూరు ఎస్పీ రోడ్డుకీ, చెన్నై రిచీ స్ట్రీట్‌కీ, ఆన్‌లైన్ దుకాణాలకూ చేరతాయి. గట్టి చట్రం, మంచి కీబోర్డు, చాలావాటిలో పెంచుకోగలిగే ర్యామ్. కోడింగ్ నేర్చుకునే పిల్లకు ఇంతకంటే ఏం కావాలి?

కానీ చూసి కొనాలి. మొదట ప్రాసెసర్ తరం. ఇంటెల్ ఐ5-8350యూ అని ఉంటే గీత తరువాతి 8 తరాన్ని చెబుతుంది. ఐ5-1135జీ7 అంటే 11వ తరం. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఇంటెల్‌లో 8వ తరమో ఆపైదో కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా కావాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. థింక్‌ప్యాడ్ టీ470, టీ480 పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఏడో తరం చిప్పున్న టీ470కి విండోస్ 11 అధికారికంగా రాదు, ఎనిమిదో తరం చిప్పున్న టీ480కి వస్తుంది. ఈ టీ480లో లోపల ఒక బ్యాటరీ, వెనక ఊడదీసే బ్యాటరీ ఇంకొకటి. ల్యాప్‌టాప్ ఆపకుండానే వెనకదాన్ని మార్చుకోవచ్చు. ఇంతమంది ఇంకా దాన్ని వెతుక్కుని కొనడానికి అదొక కారణం.

రెండోది తాళాలు. యంత్రం ఆన్ చేయగానే బయోస్‌లోకి వెళ్లమనండి. థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1, డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే, షాపువారు మీ ఎదుటే తీసి చూపించలేకపోతే, వదిలేయండి. థింక్‌ప్యాడ్‌లో ఆ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పోతే కంపెనీ చెప్పే అధికారిక పరిష్కారం మదర్‌బోర్డు మార్చడమే.

ఇంకో తాళం బయోస్‌లో కనిపించదు. విండోస్ ఆటోపైలట్ అనే పద్ధతిలో కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌ల హార్డ్‌వేర్ గుర్తింపును మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేస్తాయి. పాత కంపెనీ ఆ పేరు తీయించకుండా అమ్మేస్తే, ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా, సెటప్‌లో విండోస్ ఇంటర్నెట్‌కి తగిలిన వెంటనే ఆ కంపెనీ లాగిన్ పేజీ ప్రత్యక్షమవుతుంది. ఇంటర్నెట్ లేకుండా సెటప్ చేసి ఉంచితే షాపులో ఇది బయటపడదు. కాబట్టి మీ ఎదుటే రీసెట్ చేయించండి, మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి సెటప్ మొదటినుంచి నడిపించండి. అరగంట పడుతుంది. తొందరపెడితే ఇంకో షాపుకి వెళ్లండి.

బ్యాటరీ ఎంత అరిగిందో విండోస్ తానే చెబుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ ఆదేశం ఇస్తే, తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పట్టే సామర్థ్యం పక్కపక్కన వస్తాయి. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీకి అయ్యే మేరకు ధర తగ్గించమని అడగండి. న్యాయమైన బేరమే. ఎలాగూ మార్చాల్సిందే.

చివరిగా బిల్లు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత పరికరాలను బాగుచేసి అమ్మే రిఫర్బిషర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. నమోదైన వారి దగ్గర, సీరియల్ నంబరు రాసిన బిల్లుతో కొనండి. ఆ నంబరూ, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరూ, బయోస్‌లో కనిపించే నంబరూ మూడూ ఒకటేనా అని సరిచూశాకే డబ్బు ఇవ్వండి.